పాత రాజనీతి పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేసేటప్పుడు ఏది మార్చవచ్చు, ఏది ముట్టుకోకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఇటలీ రచయిత మాకియవెల్లి రాజనీతి గ్రంథం 'ప్రిన్స్' కు 1640లో లండన్‌లో అచ్చయిన ఇంగ్లిష్ అనువాదం స్కాన్ మీకు ఆన్‌లైన్‌లో దొరికింది. దాన్ని విద్యార్థులూ మామూలు పాఠకులూ చదువుకునేలా మళ్ళీ వేయాలనుకుంటున్నారు. స్కాన్ పేజీలను ఉన్నవి ఉన్నట్టే వేయాలా, కొత్తగా టైపు చేయించాలా? స్పెల్లింగ్ మార్చవచ్చా? నోట్సు ఎంత ఉండాలి? ఇలాంటి పుస్తకాల పరిష్కరణ పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. పాఠాన్ని కొత్తగా టైపు చేయించండి. స్పెల్లింగ్ ఇప్పటి పద్ధతిలోకి మార్చండి. నోట్సు తక్కువగా ఉంచండి. స్కాన్ బొమ్మలను విడిగా ఒక ఫైలుగా అందరికీ అందుబాటులో పెట్టండి. కానీ పేజీ మీద అసలు వాక్యాలతో పాటు ఇంకా చాలా ఉంటాయి. అంకితం, పీఠిక, అంచున చిన్న అక్షరాల్లో రాసినవి, ఇటాలిక్కులు, అనువాదకుడు మధ్యలో చేర్చిన వ్యాఖ్యలు, వెనక జోడించిన చిన్న రచనలు. వీటిలో ఒక్కటి కూడా వదలొద్దు. మార్కెట్లో దొరికే పునర్ముద్రణల్లో ముందుగా ఎగిరిపోయేవి ఇవే. ఏ వంటల పుస్తకమో అయితే పెద్ద నష్టం లేదు. రాజనీతి పుస్తకానికి మాత్రం ఇది ప్రాణం మీదికి వస్తుంది.

ఎందుకంటే 16, 17 శతాబ్దాల్లో రాజ్యం గురించి అచ్చులో రాయడం ప్రమాదకరమైన పని. పాలకుడికి కోపం వస్తే రచయిత ఒక్కడికే కాదు, అచ్చువేసినవాడికీ అమ్మినవాడికీ కూడా ముప్పే. అందుకని చెప్పదలుచుకున్నదంతా అసలు పాఠంలోనే పెట్టేవాళ్ళు కాదు. కొంత అంకితంలో, కొంత అంచున, కొంత టైపు తేడాలో పెట్టి, తమకు ఒక రక్షణ కల్పించుకునేవాళ్ళు. అవన్నీ తీసేసి ఉత్త వాక్యాలు మిగిలిస్తే, ఆచితూచి మాట్లాడిన మనిషి బల్లగుద్ది చెప్పినట్టు కనిపిస్తాడు.

మీ పుస్తకమే చూడండి. అనువాదకుడు ఎడ్వర్డ్ డేక్రిస్. 'ప్రిన్స్' ఇంగ్లిష్‌లో అచ్చు రూపంలో రావడం అదే మొదటిసారి. అంతకుముందు ఇంగ్లిష్ అనువాదాలు చేతిరాత ప్రతులుగానే తిరిగాయి. టైటిల్ పేజీ మీదే ఆయన ఒక మాట అచ్చు వేయించాడు: రచయిత తప్పులను ఎత్తిచూపి ఖండించే వ్యాఖ్యలు ఇందులో ఉన్నాయని. నిజంగానే పుస్తకంలో అక్కడక్కడా ఆయన వ్యాఖ్యలు వస్తాయి. లెనాక్స్ డ్యూక్‌కు రాసిన అంకితంలో, విషాలన్నీ పూర్తిగా విసర్జించాల్సినవి కావు, చాలా వాటికి మందుగా ఉపయోగం ఉంది అంటాడు. అంటే 'ఈ పుస్తకం విషమని నాకు తెలుసు, అయినా మీ చేతికిస్తున్నాను, ఇదిగో కారణం' అని చెప్తున్నాడు. ఈ అంకితమూ ఆ వ్యాఖ్యలూ తీసేసి మాకియవెల్లి అధ్యాయాలు మాత్రమే వేస్తే మీరు వేసింది 1640 పుస్తకం కాదు. మాకియవెల్లి కావాలనుకునే పాఠకుడికి ఇటాలియన్ నుంచి నేరుగా చేసిన మంచి ఆధునిక అనువాదాలు బోలెడున్నాయి. డేక్రిస్ పుస్తకాన్ని మళ్ళీ వేయడానికి ఉన్న కారణమే, 1640లో ఒక ఇంగ్లిష్ పాఠకుడి చేతికి ఈ రచన ఏ జాగ్రత్తలతో అందిందో చూపించడం.

అదే పుస్తకంలో వెనక లుక్కా పాలకుడు కాస్ట్రూచ్చో కాస్ట్రకానీ జీవిత కథ, వలెంటీనో డ్యూక్ (చెజారే బోర్జియా) తన శత్రువులను ఎలా చంపించాడో చెప్పే చిన్న రచన కూడా ఉన్నాయి కదా. 'ఇవి అనవసరం, పేజీలు పెరుగుతాయి' అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 1532లో రోమ్‌లో అంటోనియో బ్లాడో 'ప్రిన్స్' ను మొట్టమొదట అచ్చు వేసినప్పుడే ఆ రెండూ దానితో కలిసి వచ్చాయి. అప్పటికి మాకియవెల్లి చనిపోయి అయిదేళ్ళు. తొలి పాఠకులు ఆ సిద్ధాంతాన్ని ఈ రెండు ఉదాహరణల పక్కన పెట్టుకునే చదివారు.

టైపు తేడా ఎంత పని చేస్తుందో చెప్పడానికి నాకు తెలిసినంతలో ఫ్లెమిష్ పండితుడు యుస్టుస్ లిప్సియుస్ రాజనీతి గ్రంథం 'పోలిటికా' ను మించిన ఉదాహరణ లేదు. 1589లో లైడెన్‌లో అచ్చయింది, ఆరు భాగాలు. అందులో చాలా భాగం లిప్సియుస్ సొంత వాక్యాలు కావు. టాసిటస్, సెనెకా, సిసెరో, లివీ లాంటి ప్రాచీనుల మాటలను ఏరి, వాటిని తన మాటలతో కలిపి కుట్టాడు. ఎవరి మాట ఏదో పాఠకుడికి తెలియాలి కాబట్టి ప్రాచీనుల మాటలు ఇటాలిక్‌లో, కలిపే మాటలు మామూలు అక్షరాల్లో, మాట ఎవరిదో అంచున. నాలుగో భాగం మూడో అధ్యాయంలో మతం పేరుతో రాజ్యంలో కల్లోలం రేపేవాళ్ళ గురించి మాట్లాడుతూ, ఇక్కడ దయకు చోటు లేదు, కాల్చు, కోయి, ఒళ్ళంతా పోయే కంటే ఒక అవయవం పోవడం మేలు అనే మాట వస్తుంది. డచ్ రచయిత డిర్క్ కోర్న్‌హెర్ట్ దాన్ని పట్టుకుని, ఈయన మతభేదం ఉన్నవాళ్ళను తగలబెట్టమంటున్నాడని 1590లో తీవ్రంగా ఖండించాడు. లిప్సియుస్ ఇచ్చుకున్న సమాధానాల్లో ముఖ్యమైనది, అది సిసెరో మాట, వైద్యులు పుండుకు వాత పెట్టడం, కోయడం గురించిన పోలిక, మనుషులను కాల్చమని కాదు అని.

ఆయన సమాధానం మీకు నచ్చుతుందో లేదో వేరే సంగతి. నాకైతే అది పూర్తిగా నమ్మశక్యంగా అనిపించదు, ఎందుకంటే సిసెరో మాటను ఎంచుకుని ఆ చోట పెట్టింది ఆయనే. కానీ పాఠకుడు ఆ తగాదాలో ఒక పక్షం తీసుకోవాలంటే ఆ పేజీ మీద ఇటాలిక్కూ అంచున సిసెరో పేరూ కనిపించాలి. అన్నీ ఒకే టైపులో పోసి, అంచు పేర్లను పుస్తకం చివరి నోట్సులోకి తోసేస్తే ఆ వాక్యం లిప్సియుస్ ఆజ్ఞగా మారిపోతుంది. ఇలా చేసిన పునర్ముద్రణ ఒక పక్షం తరఫున తీర్పు చెప్పేసినట్టే, అదీ పాఠకుడికి తెలియకుండా.

ఇక మీ దగ్గరున్న ప్రతి సంగతి. ఇక్కడ చాలామంది తొందరపడతారు. స్కాన్ దొరికింది, టైటిల్ పేజీ మీద సంవత్సరం ఉంది, ఇంకేం కావాలి అనుకుంటారు. రాజనీతి పుస్తకాల్లో టైటిల్ పేజీని నమ్మడానికి లేదు. 1559లో రోమ్ చర్చి నిషేధ జాబితాలో మాకియవెల్లి రచనలన్నీ చేరాయి. ఆ తర్వాత 1584లో జాన్ వుల్ఫ్ లండన్‌లో 'ప్రిన్స్' ను ఇటాలియన్‌లోనే అచ్చు వేసి, టైటిల్ పేజీ మీద పాలెర్మో అని ఊరి పేరు వేశాడు. ఇంగ్లిష్ తత్వవేత్త హాబ్స్ రాజనీతి గ్రంథం 'లెవయథన్' సంగతి ఇంకా చిక్కు. 1651 అని, ప్రచురణకర్త ఆండ్రూ క్రుక్ కోసం అచ్చయిందని వేసుకున్న ముద్రణలు మూడున్నాయి. టైటిల్ పేజీ మీది బొమ్మను బట్టి వాటిని తల, ఎలుగుబంటి, అలంకారాలు అనే పేర్లతో గుర్తుపడతారు. తల బొమ్మ ఉన్నదే అసలు 1651 ముద్రణ. మిగతా రెండూ తర్వాతి కాలానివి, పాత సంవత్సరం వేసుకున్నాయి. చేతికి దొరికిన '1651 ప్రతి' తో పని మొదలుపెట్టి, సగం టైపు చేయించాక అది వేరే ముద్రణ అని తేలితే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. కాబట్టి ఇంగ్లిష్ పుస్తకాలకు ముందు ఇంగ్లిష్ షార్ట్ టైటిల్ కేటలాగ్ అనే పాత ముద్రణల జాబితాలో మీ ముద్రణ వివరాలు సరిచూసుకోండి. అది ఉచితంగా దొరుకుతుంది.

ముద్రణ సరైనదని తేలాక కూడా ఒక్క ప్రతి చాలదు. చేత్తో అచ్చు వేసే ఆ రోజుల్లో ప్రెస్సు నడుస్తూ ఉండగానే ప్రూఫు చూసేవాళ్ళు. తప్పు కనబడితే ప్రెస్సు ఆపి అక్షరం మార్చి మళ్ళీ నడిపేవాళ్ళు. అప్పటికే అచ్చయిన కాగితాలను పారేసేవాళ్ళు కాదు, కాగితం ఖరీదైనది. దిద్దినవీ దిద్దనివీ కలగలిపి కుట్టేసేవాళ్ళు. దాంతో ఒకే ముద్రణలో రెండు ప్రతుల మధ్య తేడాలుంటాయి. షేక్‌స్పియర్ నాటకాల 1623 తొలి సంపుటి విషయంలో చార్ల్‌టన్ హిన్‌మన్ దీనికోసమే ఒక యంత్రం తయారుచేసి, ఫోల్జర్ లైబ్రరీలో పదుల కొద్దీ ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చాడు. మీకు అంత అవసరం లేదు. రెండు మూడు వేర్వేరు లైబ్రరీల ప్రతుల స్కాన్లు సంపాదించి, కనీసం అనుమానం వచ్చిన చోట్లన్నీ పోల్చండి. వెనక తప్పొప్పుల పట్టిక ఉంటే దాన్ని పాఠంలోకి ఎక్కించండి, ఎక్కించామని చెప్పండి.

పేజీలు పోయాయేమో చూడటానికి పేజీ నంబర్లను నమ్మకండి. అవి తరచుగా తప్పు పడేవి. పేజీ అడుగున ఉండే ఫారం గుర్తులు (మడిచిన కాగితాలను ఏ వరసలో కుట్టాలో చెప్పేవి) చూడండి, ఏ, ఏ2, ఏ3 అని, తర్వాత బి అని వెళ్తాయి. లాటిన్ పద్ధతిలో 23 అక్షరాలే వాడేవాళ్ళు కాబట్టి ఐ తర్వాత కె వస్తుంది, వి తర్వాత ఎక్స్ వస్తుంది. పేజీ పోయిందని కంగారు పడొద్దు. అడుగున కుడివైపు తర్వాతి పేజీ మొదటి మాట విడిగా అచ్చయి ఉంటుంది. అది తర్వాతి పేజీతో కలవకపోతే అప్పుడు అనుమానించండి. కొత్త పుస్తకంలో ఈ గుర్తులను వేయనక్కర్లేదు. కానీ పాత పేజీ ఎక్కడ మొదలైందో పాఠంలో చిన్న నంబరుగా చూపండి. పరిశోధకుడు మీ పుస్తకంలోంచి పాత పేజీకి వెళ్ళగలగాలి.

స్కాన్ యథాతథంగా వేస్తే పోదా అని మీరడిగారు. ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ఆన్‌లైన్‌లో దొరికే పాత ఇంగ్లిష్ పుస్తకాల బొమ్మల్లో చాలా భాగం గత శతాబ్దంలో తీసిన మైక్రోఫిల్మ్ నుంచి వచ్చినవి. ఫిల్మ్‌లో నలుపూ తెలుపూ తప్ప మధ్య ఛాయలు దాదాపు ఉండవు. అవతలి పేజీ సిరా ఇవతలికి కనిపించేచోట అక్షరాలు అలుక్కుపోతాయి. కామా ఫుల్‌స్టాప్ అయిపోతుంది. కాగితం మీది మచ్చ కామా అయిపోతుంది. కుట్టు వైపున్న అంచు రాతలు మడతలో పడి సగమే కనిపిస్తాయి. మడిచి పెట్టిన పెద్ద పట్టికలు ఉంటే, వాటిని విప్పకుండా తీసిన సందర్భాలూ ఉన్నాయి. ఆర్డరిస్తే అచ్చు వేసిచ్చే చౌక పునర్ముద్రణల్లో అచ్చంగా ఇవే పేజీలు కనిపిస్తాయి. అసలు ప్రతి ఉన్న లైబ్రరీని అడిగి రంగుల్లో 400 డీపీఐకి (అంగుళానికి 400 చుక్కలకు) తగ్గకుండా తీసిన కొత్త బొమ్మలు సంపాదించగలిగితే యథాతథ ముద్రణ గౌరవంగా ఉంటుంది. అప్పుడు కూడా పేజీ సైజు తగ్గించకండి. పెద్ద సైజు పుస్తకాన్ని పేపర్‌బ్యాక్‌లోకి కుదిస్తే అంచు రాతలు చదవడానికి పనికిరావు.

అదీగాక, మీరు చెప్పిన పాఠకులు విద్యార్థులూ మామూలు జనం. వాళ్ళకు పాత అచ్చు రెండు పేజీల తర్వాత విసుగొస్తుంది. ఆ విసుగు వాళ్ళ తప్పు కాదు.

టైపు చేయించే ముందు, ఎవరైనా ఇప్పటికే చేసి పెట్టారేమో చూడండి. టెక్స్ట్ క్రియేషన్ పార్ట్‌నర్‌షిప్ అనే లైబ్రరీల ఉమ్మడి పథకం 1700 లోపు ఇంగ్లిష్ పుస్తకాలను మనుషులతో టైపు చేయించింది. 2015లో దాదాపు 25 వేల పుస్తకాల పాఠాలు అందరికీ ఉచితంగా విడుదలయ్యాయి, 2020లో మరిన్ని వచ్చాయి. వాటిని వాడుకోవచ్చు. అయితే ఆ టైపిస్టులు చూసింది కూడా ఆ మైక్రోఫిల్మ్ బొమ్మలనే. చదవలేని అక్షరం దగ్గర చుక్క పెట్టి వదిలేశారు. గ్రీకు, హీబ్రూ మాటలు వచ్చినచోట టైపు చేయకుండా ఖాళీ అని గుర్తు పెట్టారు. రాజనీతి పుస్తకాల్లో గ్రీకు ఉల్లేఖనలు ఎక్కువ, కాబట్టి ఆ ఖాళీలు మీరే పూరించుకోవాలి.

యంత్రంతో చదివిస్తే అసలు గండం పొడుగు ఎస్ దగ్గర. అప్పటి అచ్చులో మాట మొదట్లో, మధ్యలో వచ్చే ఎస్ చూడటానికి ఎఫ్ లాగే ఉంటుంది. ఎఫ్‌కు అడ్డగీత నిలువుగీతను దాటి కుడివైపుకు వెళ్తుంది, పొడుగు ఎస్‌కు ఎడమవైపు చిన్న ముక్క మాత్రమే ఉంటుంది, అదీ సరిగ్గా పడితే. యంత్రం తప్పు చదివి అర్థం లేని మాట తయారుచేస్తే భయం లేదు, స్పెల్‌చెక్ పట్టేస్తుంది. రెండూ అసలైన మాటలే అయినప్పుడే ప్రమాదం. 'సేమ్' ను 'ఫేమ్' గా, 'సైట్' ను 'ఫైట్' గా, 'స్లైట్' ను 'ఫ్లైట్' గా, 'సార్ట్' ను 'ఫోర్ట్' గా చదివితే ఏ సాఫ్ట్‌వేరూ గొడవ చేయదు. మామూలు పుస్తకంలో సందర్భం చూసి మనమే పట్టుకుంటాం. ఇక్కడ సందర్భమే మోసం చేస్తుంది. రాజుల కీర్తి, యుద్ధం, కోటలు, పారిపోవడం, ఇవే కదా ఈ పుస్తకాల నిండా ఉండేవి! 'ప్రిన్స్' 20వ అధ్యాయంలో కోటలు కట్టడం మంచిదా కాదా అనే చర్చ ఉంది. అక్కడ ఒక 'సార్ట్' 'ఫోర్ట్' అయినా చదివేవాడికి అనుమానం రాదు. నా పద్ధతి ఇది: ఇలాంటి జంట మాటల జాబితా ఒకటి తయారుచేసుకుని, ఫైలులో వాటిని వెతికి, ప్రతి ఒక్కటీ బొమ్మతో కళ్ళారా సరిచూస్తాను. అలుపు తెప్పించే పని, కానీ దీనికి అడ్డదారి లేదు.

స్పెల్లింగ్ మార్పులో భయపడాల్సింది తక్కువ. మీ పుస్తకం నాటికి యు, వి అక్షరాల వాడకం దాదాపు ఇప్పటి పద్ధతికి వచ్చేసింది. ఇంకా ముందు పుస్తకాల్లో మాట మొదట వి, మధ్యలో యు వేసేవాళ్ళు, శబ్దంతో సంబంధం లేకుండా. ఐ, జె సంగతీ అంతే. వీటిని మార్చేయండి. ఏ, ఈ, ఓ లాంటి అచ్చుల (స్వరాల) మీద అడ్డగీత పెట్టి ఎం, ఎన్ అక్షరాలను మింగేసిన చోట విడదీసి రాయండి. వై మీద చిన్న ఈ పెట్టి రాసింది 'ది' అనే మాట, దాన్ని 'యీ' అని వదిలేస్తే పాఠకుడు తప్పు చదువుతాడు. 'దెన్' అని ఉన్నది ఇప్పటి 'దాన్' కావచ్చు, కాకపోవచ్చు. వాక్యం చదివి తేల్చండి, తేలకపోతే నోట్‌లో చెప్పండి. మాటలను మాత్రం మార్చొద్దు. పాతబడిన మాట ఉంటే అర్థం అడుగున ఇవ్వండి, పాఠంలో పాత మాటే ఉండాలి. కటువుగా ఉన్న వాక్యాలనూ, స్త్రీల గురించీ ఇతర మతాల గురించీ ఇప్పుడు మింగుడుపడని మాటలనూ మెత్తబరచొద్దు.

విరామ చిహ్నాలే అసలు కష్టం. అప్పటి అచ్చులో కామాలు, కోలన్లు ఎక్కువగా ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పేవి, వ్యాకరణం కోసం కాదు. పైగా చాలాసార్లు అవి రచయితవి కావు, అక్షరాలు పేర్చిన కంపోజిటర్‌వి. పాఠ పరిష్కరణ పండితుడు డబ్ల్యూ. డబ్ల్యూ. గ్రెగ్ 1950 ప్రాంతంలో రాసిన ప్రసిద్ధ వ్యాసం మాటలను ఒక రకంగా, స్పెల్లింగ్, విరామాల లాంటి పైరూపాన్ని ఇంకో రకంగా చూడమంది ఇందుకే. కానీ రాజనీతిలో కామా పైరూపం మాత్రమే అనుకుంటే చిక్కుల్లో పడతాం. నేనే ఒక వాక్యం కల్పించి చూపిస్తాను: 'రాజు పన్ను వేయవచ్చు సభ ఒప్పుకుంటే సైన్యాన్ని కూర్చవచ్చు.' 'ఒప్పుకుంటే' తర్వాత కామా పెడితే షరతు పన్నుకు, సైన్యం రాజు ఇష్టం. 'వేయవచ్చు' తర్వాత పెడితే పన్ను రాజు ఇష్టం, షరతు సైన్యానికి. ఇంగ్లండ్‌లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరిగింది సరిగ్గా ఇలాంటి షరతుల మీదే. అందుకని అధికారానికి హద్దు చెప్పే వాక్యాల్లో, అర్థం రెండు రకాలుగా తీసుకోవడానికి వీలున్నచోట, పాత విరామాలనే ఉంచి అడుగున నోట్ ఇవ్వండి. మిగతా చోట్ల పాఠకుడి సౌకర్యం చూడండి. పొడుగు వాక్యాలను ముక్కలు చేయకండి. 'అయితే', 'కానీ', 'తప్ప' అంటూ సాగే ఆ వాక్యాల్లోనే రచయిత ఎంత దూరం వెళ్ళదలుచుకున్నాడో ఉంటుంది.

నోట్సు గురించి నా అభిప్రాయం కాస్త ఖండితంగానే ఉంటుంది. పేర్లు, పదవులు, యుద్ధాలు, పాత మాటలు, ఉల్లేఖనల మూలాలు ఇవ్వండి. అంతే. 'ఈ మాట ఇవాళ ఫలానా నాయకుడికి సరిపోతుంది' అనే ధోరణి నోట్స్‌లోకి గానీ పీఠికలోకి గానీ రానివ్వకండి. అది ఏడాదికే పాతబడుతుంది. అంతకంటే ముఖ్యం, పోలిక తట్టే ఆనందం పాఠకుడిది, దాన్ని మనం లాక్కోకూడదు. పాత అంచు రాతలను, మీ నోట్సునూ ఒకే చోట కలపొద్దు. పాతవి అంచునే ఉండాలి, మీవి అడుగున ఉండాలి. ఎవరు మాట్లాడుతున్నారో పాఠకుడికి చూడగానే తెలియాలి.

నమూనాగా రెండు పుస్తకాలు లైబ్రరీలో తిరగేయండి. ఒకటి, ఫ్రెంచి రాజనీతి రచయిత బోదిన్ 'రిపబ్లిక్' కు రిచర్డ్ నోల్స్ 1606లో చేసిన ఇంగ్లిష్ అనువాదం. బోదిన్ 1576లో ఫ్రెంచిలో రాసి, 1586లో తానే లాటిన్‌లో తిరగరాశాడు. నోల్స్ రెండింటినీ కలిపి అనువదించాడు. కెనెత్ మెక్రే 1962లో హార్వర్డ్ నుంచి దీన్ని వేస్తూ 1606 పేజీలను బొమ్మలుగానే ఉంచి, ఫ్రెంచి, లాటిన్ పాఠాలతో పోల్చి తేడాలను విడిగా చూపించాడు. యథాతథ ముద్రణ అంటే ఫొటోలు తీసి కుట్టేయడం కాదని దాన్ని చూస్తే అర్థమవుతుంది. రెండోది, స్కాట్లండ్ రాజు జేమ్స్ తన కొడుకు కోసం రాసిన 'బాసిలికన్ డోరన్'. 1599లో ఎడిన్‌బరోలో ఏడంటే ఏడు ప్రతులే అచ్చయ్యాయి. 1603లో ఆయన ఇంగ్లండ్ రాజయ్యేసరికి లండన్‌లో అందరి కోసం మళ్ళీ వేశారు. రాజు చేతిరాతలో స్కాట్స్ భాషలో ఉన్నది, అచ్చులోకి వచ్చేసరికి ఇంగ్లిష్ రూపం తొడుక్కుంది. జేమ్స్ క్రెయిగీ పరిష్కరణలో చేతిరాత పాఠమూ అచ్చు పాఠాలూ పక్కపక్కన ఉంటాయి. ఏడుగురి కోసం రాసిన మాట అందరి కోసం మారినప్పుడు ఏం జరిగిందో కళ్ళకు కడుతుంది. మీ పుస్తకానికి ఇంత అవసరం లేదు, కానీ ఎక్కడ అనుమానం వచ్చినా వీటిలో ఒకదాని పద్ధతి దారి చూపిస్తుంది.

బొమ్మలుంటే కోసి అట్ట మీద వేయాలనే ఆశ అందరికీ ఉంటుంది. వేయండి, కానీ లోపల మాత్రం పూర్తి బొమ్మ పూర్తి సైజులో ఉండాలి. 'లెవయథన్' ముందు అబ్రహాం బోస్ చెక్కిన బొమ్మనే తీసుకోండి. అట్టల మీద ఎక్కువగా కనిపించేది పై సగమే, కిరీటం పెట్టుకున్న మహాకాయుడు, ఒళ్ళంతా మనుషులు. కింది సగంలో రెండు వరసల చిన్న చిత్రాలున్నాయి. ఎడమ పక్క కోట, కిరీటం, ఫిరంగి, యుద్ధం. కుడి పక్క చర్చి, బిషప్ టోపీ, శాపాల పిడుగు, మతసభ. టైటిల్‌లోనే హాబ్స్ తన రాజ్యం లౌకికమూ మతపరమూ అన్నాడు. కింది సగం తీసేస్తే పుస్తకంలో సగం వాదన కనబడకుండా పోతుంది. పై సగంలో కూడా చూడాల్సింది ఉంది: ఆ మనుషులంతా పాఠకుడికి వీపు పెట్టి రాజు ముఖంలోకి చూస్తున్నారు. రెండో చార్లెస్ రాజుకు ఇచ్చిన చేతిరాత ప్రతిలో అయితే ముఖాలు బయటికి చూస్తున్నాయి. ఇంత చిన్న తేడా కనిపించాలంటే బొమ్మ అచ్చు నాణ్యంగా ఉండాలి. చౌక కాగితం మీద అదొక నల్ల మరకే.

హక్కుల సంగతి. 1640 పాఠం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ లైబ్రరీ తీసిన బొమ్మలకు వాళ్ళ షరతులుంటాయి, ఆధునిక పరిష్కర్త రాసిన పీఠిక, నోట్సు అతనివే. లైబ్రరీకి ముందే రాసి అనుమతి తీసుకోండి, చాలా లైబ్రరీలు అడిగితే సంతోషంగా ఇస్తాయి.

చివరగా ప్రూఫులు. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు పాత పేజీ బొమ్మ చూస్తూ కామాలతో సహా పైకి చదవాలి, రెండోవారు కొత్త పాఠంలో గుర్తు పెట్టాలి. ఒక్కరే కూర్చుని చదివితే కళ్ళు ఉన్నదాన్ని కాక, ఉండాల్సినదాన్ని చదువుతాయి. అది పూర్తయ్యాక అంకితం, అంచు రాతలు, డేక్రిస్ వ్యాఖ్యలు మాత్రం విడిగా ఇంకోసారి చదివించండి. చిన్న అక్షరాల్లో ఉండటం వల్ల వాటిలోనే తప్పులు ఎక్కువగా మిగిలిపోతాయి. మీరు ఏమేం మార్చారో, ఏమేం మార్చలేదో ఒక పేజీలో రాసి పుస్తకం మొదట్లోనే పెట్టండి, చివర్లో కాదు. ఆ పేజీ చిత్తుప్రతి తయారయ్యాక ఇక్కడ పెడితే చూసి చెప్తాను.